గుగ్గులు

మన ప్రాచీన వాఙ్మయంలో ప్రస్తావనకు వచ్చిన ఓషధులలో గుగ్గులుది విశిష్ట స్థానం. దాని పరిమళం సోకినవారిని వ్యాధులు బాధించవని అథర్వవేదం చెప్పింది. అమరసింహుడు దీనికి కౌశికము, పురము మొదలైన పర్యాయపదాలు కూర్చాడు. తెలుగులో దీనిని మహిసాక్షి అంటారు. ‘గుగ్గిలం’ అనే మాట మనకు మరింత పరిచితమే. కాని సాలవృక్షం నుండి వచ్చే బంకను కూడా మనవారు ఆ పేరుతోనే పిలుస్తారు. పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు.

అసలు గుగ్గులు ఒక పొద. రాజస్థాన్‌లోని జైసల్మేర్, బాడ్‌మేర్ ప్రాంతాలలోను, గుజరాత్‌లోని కచ్ఛ్, సౌరాష్ట్రలలోను, సరిహద్దుకు ఆవల సింధు, బెలూచిస్థాన్‌లలోను మెట్టనేలల్లో పెరుగుతుంది. వంకర కొమ్మలు ముళ్లతో ముగుస్తాయి. బెరడు పలుచని కాగితపు పొరలవలె ఊడుతుంది. ఏడాదిలో అధికభాగం ఆకులు లేక మోడువలె నిలిచి, వానలు పడగానే చిగురిస్తుంది. దీని శాస్త్రీయనామం కొమిఫొరా వైటియై. మద్రాసు రాజధానిలో వృక్షసంపదను పరిశీలించిన రాబర్ట్ వైట్ పేరు అందులో నిలిచింది.

ఈ పొదకు దాని బంకే శత్రువైంది. చలికాలం మొదలు వేసవి వరకు బెరడుపై గాట్లు పెట్టి, స్రవించి గట్టిపడిన బంకను సేకరిస్తారు. గాటు పైపైన ఉంటే మొక్క కోలుకుంటుంది. ఎక్కువ బంక కోసం లోతుగా నరికి, గాయంలో రసాయనాలు పూస్తే స్రావం విపరీతంగా పెరుగుతుంది. ఆ పిమ్మట మొక్క ఎండిపోతుంది. కరవు ప్రాంతపు పేదకుటుంబానికి ఆ కొద్దిపాటి బంకే చేతికందే డబ్బు. కనుక నేరమంతా వారిపై మోపడం న్యాయం కాదు. వారి వెనుక పెద్ద విపణి ఉన్నది.

ఆ విపణి పెరగడానికి కారణాలున్నాయి. సుశ్రుతసంహిత మేదోరోగానికి గుగ్గులును చెప్పింది. దానిని ఆధారం చేసుకొని 1966లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి కుందేళ్లపై ప్రయోగాలు జరిపి, రక్తంలోని కొవ్వును గుగ్గులు తగ్గిస్తున్నదని చూపారు. తరువాత లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ దీని నుండి మందు రూపొందించింది. 2003లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధన మాత్రం ఈ మందు వల్ల చెడు కొలెస్టరాల్ తగ్గలేదని, కొంత పెరిగిందని తెలిపింది. అయినా యోగరాజ గుగ్గులు, త్రిఫల గుగ్గులు వంటి ఔషధాలకు ఆదరణ తగ్గలేదు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం తన ఎర్రజాబితాలో 2015లో గుగ్గులును ‘తీవ్ర వినాశస్థితి’లో ఉన్న జాతిగా ప్రకటించింది. అడవిలో అంతరించిపోవడానికి ముందున్న చివరి మెట్టు అది. విత్తనాలు బాగా మొలకెత్తవు. మొలక ఎదగడమూ ఆలస్యమే. పైగా అనేక చోట్ల ఆడ మొక్కలే ఎక్కువ. అవి పరాగసంపర్కం లేకుండానే విత్తనాలు కడతాయి గనుక సంతతిలో వైవిధ్యం కొరవడుతుంది.

జాతీయ ఔషధ మొక్కల బోర్డు సహాయంతో గుజరాత్, రాజస్థాన్‌లలో తోటలు వేయించారు. కొమ్మముక్కలు నాటితే వేళ్లు పట్టడం తేలికే. అయితే అన్నీ ఒకే తల్లి పోలికవి కావడం వల్ల, వేర్వేరు ప్రాంతాల మొక్కల నుండి ముక్కలు తెచ్చి కలిపి నాటవలసి ఉంటుంది. అలా నాటిన పొద గాటుకు తగినంత ఎదగడానికి సుమారు ఎనిమిది, పది సంవత్సరాలు పడుతుంది. అంతవరకు విపణికి చేరే బంకలో చాలాభాగం అడవిలో మిగిలిన పొదల నుండే రావాలి.