17 ఏళ్లకే తాగి గొడవ చేసి దొరికితే కెరీర్ పోయినట్టేనా?

ఈ ఎపిసోడ్ టాపిక్ ఇంట్లో ఎవరూ మాట్లాడనిది. అందుకే మనం మాట్లాడుకుందాం.

ఒక సీన్ ఊహించుకోండి. ఇంటర్ సెకండ్ ఇయర్ కుర్రాడు, 17 ఏళ్లు. ఫ్రెండ్ బర్త్‌డే, రాత్రి పదకొండు, బీర్లు, రోడ్డు మీద అరుపులు. పెట్రోలింగ్ వాళ్లు వచ్చారు. వాడి బుర్రలో ఒకటే ఆలోచన: "నాన్నకి తెలియకూడదు." అందుకే "నాకు 19 సార్, ఫైన్ కట్టేస్తా" అంటాడు.

అక్కడే అసలు ప్రమాదం. ఆ ఒక్క అబద్ధంతో చట్టం ఇచ్చిన రక్షణ మొత్తం చేజారిపోవచ్చు.

ముందు కేసు ఎంత పెద్దదో చూద్దాం. భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ 355. తాగి పబ్లిక్ ప్లేస్‌లో జనాన్ని ఇబ్బంది పెడితే 24 గంటల వరకు సాధారణ జైలు, లేదా 1000 రూపాయల వరకు ఫైన్, లేదా రెండూ, లేదా సమాజ సేవ. బెయిలబుల్ కూడా. 2024 జూలై 1కి ముందు పాత ఐపీసీ 510లో ఫైన్ 10 రూపాయలే! ఇంకో పాయింట్: ఈ సెక్షన్‌కి తాగి ఉండటం ఒక్కటే సరిపోదు, ఎవరికైనా ఇబ్బంది కలిగించాలి. కేసు ఎదుర్కోవాలంటే లాయర్ మొదట చూసేది ఇదే.

శిక్ష చిన్నదే. కానీ పెద్దవాడిలా నేరం ఒప్పుకుంటే రికార్డు మిగులుతుంది. అదే 18 నిండకపోతే 2015 జువైనల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. అప్పుడు ఏం మారుతుంది?

ఒకటి, లాకప్‌లో పెట్టకూడదు. సంకెళ్లు వేయకూడదు. తల్లిదండ్రులకి కబురు చెప్పాలి. స్టేట్‌మెంట్ మీద సంతకం అడగకూడదు. అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకి తీసుకెళ్లాలి.

రెండు, ఇలాంటి చిన్న కేసులో మామూలుగా ఎఫ్‌ఐఆర్ ఉండదు, జనరల్ డైరీలో ఎంట్రీ ఉంటుంది. కానీ పక్కన మేజర్ ఫ్రెండ్స్ కలిసి చేసిన కేసైతే ఎఫ్‌ఐఆర్ కట్టొచ్చు.

మూడు, బోర్డు. ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సోషల్ వర్కర్లు ఉంటారు. మూడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసులన్నీ ఇక్కడ "చిన్న నేరాలు", విచారణ కూడా సంక్షిప్తంగానే. తప్పు చేశాడని తేలితే మందలించి ఇంటికి పంపొచ్చు, కౌన్సెలింగ్ చెప్పొచ్చు, సమాజ సేవ చేయించొచ్చు, అమ్మానాన్నలతో ఫైన్ కట్టించొచ్చు. ఆర్డర్ నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీల్ చేసుకోవచ్చు.

నాలుగు, అందరూ అడిగేది: "జాబ్ వెరిఫికేషన్‌లో వస్తుందా?" సెక్షన్ 24 ప్రకారం ఆ కేసు వల్ల ఏ అనర్హతా రాదు. అప్పీల్ గడువు అయ్యాక రికార్డు నాశనం చేయాలి. సెక్షన్ 74 ప్రకారం ముగిసిన కేసు వివరాలు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదు. మీడియాలో పేరు, ఫోటో వేసినా నేరమే, ఆరు నెలల వరకు జైలు. వాట్సాప్ గ్రూపుల్లో వీడియో తిప్పే బ్యాచ్, మీరు కూడా జాగ్రత్త.

మరి వయసు ఎలా నిరూపించాలి? టెన్త్ మెమో చాలు. అది లేకపోతే మున్సిపాలిటీ బర్త్ సర్టిఫికెట్. ఆధార్ మీద ఆధారపడొద్దు. ఆల్రెడీ 19 అని చెప్పేసి ఫైన్ కట్టేశారా? సెక్షన్ 9 ఉంది. ఆ రోజుకి మైనర్‌నని ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు ముగిశాక కూడా చెప్పుకోవచ్చు.

ఒక వార్నింగ్. చేతిలో బండి ఉంటే కథ వేరు. మైనర్ డ్రైవింగ్‌కి తల్లిదండ్రులు లేదా ఓనర్ మీద మూడేళ్ల వరకు జైలు, 25,000 ఫైన్. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇక మైనర్‌కి మందు ఇచ్చిన "అన్న"కి ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు ఫైన్.

నేను లాయర్ని కాదు, చట్టంలో ఉన్నది సింపుల్‌గా చెప్పాను. కేసు వస్తే ఉచిత న్యాయ సహాయానికి 15100, చైల్డ్ హెల్ప్‌లైన్‌కి 1098. రెండూ ఇప్పుడే సేవ్ చేసుకోండి.

ఆ రాత్రి చేయాల్సినవి మూడే: నిజమైన వయసు చెప్పండి, దేని మీదా సంతకం పెట్టకండి, ఇంటికి ఫోన్ చేయండి. నాన్న తిడతారు. తిట్టి, టెన్త్ మెమో పట్టుకుని వచ్చేది కూడా ఆయనే.