మీకు తెలుసా? గోపురం మీద నాలుగు శతాబ్దాల క్రేన్

జర్మనీలోని కొలోన్‌లో సగం కట్టి వదిలేసిన చర్చి గోపురం మీద ఒక చెక్క క్రేన్ దాదాపు 400 ఏళ్లు అలాగే నిలబడిపోయింది!

1248లో శంకుస్థాపన జరిగిన కొలోన్ కథీడ్రల్ పనులు 16వ శతాబ్దంలో అటకెక్కాయి. రాళ్లు పైకి లాగేందుకు దక్షిణ గోపురం మీద బిగించిన క్రేన్‌ను మాత్రం ఎవరూ దించలేదు. తరతరాలకు అదే ఊరి ఆనవాలైంది. చివరికి 1868లో తొలగించారు.

ముఖద్వారం వైపు గోపురాల మధ్యయుగపు నక్షా మాత్రం రెండు ముక్కలై ఎక్కడికో పోయింది. ఒక ముక్క 1814లో డార్మ్‌స్టాట్‌లో, రెండోది 1816లో పారిస్‌లో బయటపడ్డాయి. 1842లో మళ్లీ మొదలైన నిర్మాణానికి ఆ నక్షాయే ఆధారం. 1880లో పని ముగిసింది. అంటే మొదటి రాయికీ చివరి రాయికీ మధ్య 632 ఏళ్లు! 157 మీటర్ల ఈ కథీడ్రల్ 1884 దాకా ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం.

రైల్లో ఒక్కరోజు యాత్రకు వచ్చేవారు దీన్ని వెతుక్కోనక్కర్లేదు. ప్రధాన స్టేషన్ బయటికి అడుగుపెడితే ఎదురుగా అదే. గైడ్‌తో లోపలంతా చూశాక, ఓపికుంటే దక్షిణ గోపురం ఎక్కవచ్చు. మెట్లు 533. సందర్శకులకు లిఫ్టు లేదు.