స్థూలకాయ స్త్రీల జీవక్రియ ఆరోగ్యం – వ్యాయామ రీతుల ప్రభావం

1. ఉపోద్ఘాతం:
స్థూలకాయం గల స్త్రీలు వ్యాయామ ఫలితాన్ని సాధారణంగా బరువుతోనే కొలుస్తారు. బరువు తగ్గకపోతే శ్రమ వృథా అయిందని భావించి మానివేయడం కద్దు. కానీ నడుము చుట్టుకొలత, పరగడుపు చక్కెర, ట్రైగ్లిజరైడ్లు, హెచ్.డి.ఎల్. కొలెస్ట్రాల్, రక్తపోటు అనే ఐదూ జీవక్రియ ఆరోగ్యానికి ప్రధాన సూచికలు. దక్షిణాసియా స్త్రీలలో నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లకు చేరడం ప్రమాద సూచన. వ్యాయామ రీతులు ఈ సూచికలపై చూపే ప్రభావాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఏరోబిక్ వ్యాయామం:
వేగపు నడక, సైకిలు తొక్కడం, ఈత ఈ కోవకు చెందుతాయి. ఉదరంలోని అవయవాల చుట్టూ పేరుకొన్న కొవ్వు ఇన్సులిన్ పనితీరును మందగింపజేస్తుంది. ఆ కొవ్వును తగ్గించడం ఈ వ్యాయామపు ప్రత్యేకత. అమెరికాలోని డల్లాస్‌లో అధిక బరువు, స్థూలకాయం కలిగి, ముట్లుడిగిన 464 మంది స్త్రీలపై జరిగిన 6 నెలల అధ్యయనం 2007లో వెలువడింది. వారానికి సుమారు 72 నిమిషాలు మాత్రమే వ్యాయామం చేసినవారిలో సైతం గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం మెరుగుపడింది. బరువు తగ్గుదలతో నిమిత్తం లేకుండా నడుము చుట్టుకొలత తగ్గింది. రక్తపోటులో మాత్రం గణనీయమైన మార్పు రాలేదు.

3. కండర వ్యాయామం:
బరువులెత్తడం, గుంజీళ్లు, సాగే పట్టీలతో చేసే కసరత్తులు ఇందులోకి వస్తాయి. భోజనానంతరం రక్తంలోని చక్కెరను అధికంగా గ్రహించేవి కండరాలే. కండరం సంకోచించినప్పుడు ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే చక్కెరను లోనికి తీసుకొంటుంది. ఇది ఏరోబిక్ వ్యాయామంలోనూ జరుగుతుంది. అయితే కండర పరిమాణాన్ని నిలిపి, పెంచడం కండర వ్యాయామానికే ఎక్కువగా సాధ్యం. ముట్లుడిగిన తరువాత కండరం క్షీణిస్తుంది కనుక ఆ వయస్సులో దీని అవసరం మరింత ఎక్కువ.

4. మిశ్రమ వ్యాయామం:
లూసియానాలో టైప్-2 మధుమేహం గల 262 మందిపై 9 నెలలు జరిగిన అధ్యయనం 2010లో ప్రచురితమైంది. వీరిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. వ్యాయామం చేయని బృందంతో పోల్చినప్పుడు, రెండు రీతులనూ కలిపి చేసినవారిలోనే మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్.బి.ఎ.1.సి. గణనీయంగా తగ్గింది. ఏదో ఒకటే చేసినవారిలో అంతటి తగ్గుదల కనిపించలేదు.

5. ముగింపు:
ఉదరపు కొవ్వుకు ఏరోబిక్ వ్యాయామం, కండర రక్షణకు కండర వ్యాయామం, చక్కెర నియంత్రణకు రెండింటి కలయిక అనుకూలమని పై పరిశీలన సూచిస్తున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ ఏరోబిక్ వ్యాయామాన్ని, కనీసం 2 రోజుల కండర వ్యాయామాన్ని సూచించాయి. ఒకసారి చేసిన వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరులో కలిగే మెరుగుదల రెండు మూడు రోజులకు మించి నిలవదు. కాబట్టి క్రమం తప్పకపోవడం ముఖ్యం. బరువు తగ్గలేదని వ్యాయామాన్ని విడిచిపెట్టే స్త్రీ, అప్పటికే దేహంలో మొదలైన మేలును తెలియకుండానే వదులుకొంటున్నదని గ్రహించాలి.