తాతయ్య ముఖం ఆకుపచ్చగా మారిందేం?

బరంపురమైనా, బళ్లారైనా, హోసూరైనా.. పాత తెలుగిళ్ల ముందుగదిలో గోడమీద ఓ నలుపు తెలుపు ఫొటో కనిపిస్తుంది. తలపాగాతో తాతయ్య, పక్కన కుర్చీలో నాయనమ్మ. చాలా ఇళ్లలో ఉన్నది ఆ ఒక్క ప్రతే. అన్నదమ్ములు వేరుపడే రోజున 'అది నాకంటే నాకు' అని పేచీ వస్తుంది. 'కాపీ తీయిద్దాంలే' అంటూ స్టూడియోకి పరుగెడతారు. తీరా కాపీ వచ్చాక చూస్తే, స్టూడియోలో బాగానే ఉన్న తాతయ్య ముఖం ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఆకుపచ్చగా, వాకిట్లో ఎండకు ఎర్రగా కనిపిస్తుంది.

తప్పు ఫొటోది కాదు. ఇంకుది.

రంగులు కలిపితే తంటా

మామూలు ఇంక్‌జెట్ ప్రింటరులో బూడిదరంగు ఇంకు ఉండదు. సయాన్, మెజెంటా, పసుపు చుక్కలు పక్కపక్కన వేసి బూడిదరంగని మన కంటిని నమ్మిస్తుంది. పాళ్లు కాస్త తప్పితే రంగు బయటపడిపోతుంది. పాళ్లు కుదిరినా వెలుగు మారితే చాలు, మళ్లీ మొదటికే వస్తుంది. పోనీ నల్ల ఇంకు ఒక్కటే వాడదామా అంటే, లేత భాగాల్లో చుక్కలు ఎడంగా పడి నాయనమ్మ బుగ్గమీద ఇసుక చల్లినట్లుంటుంది.

దీనికి విరుగుడే బూడిద ఇంకులు. నలుపునే రెండు మూడు పాళ్లలో పలచన చేసి వేర్వేరు గొట్టాల్లో నింపుతారు. అమెరికాలో జాన్ కోన్ 'పీజోగ్రఫీ' పేరుతో ఈ దారి చూపించారు. 2005లో ఎప్సన్ మూడు స్థాయిల నలుపుతో 'అల్ట్రాక్రోమ్ కె3' ఇంకులు తెచ్చింది. 2011 నాటి కెనన్ పిక్స్‌మా ప్రో-1లో రెండు నలుపులు, మూడు బూడిదలు ఉన్నాయి.

అసలు పని ఇక్కడే

ఖరీదైన ప్రింటరు కొనేస్తే సరిపోదు. కాగితం మారితే అదే ఇంకు వేరేలా పడుతుంది. అందుకే పనితెలిసినవారు ముందు ఫొటో జోలికి పోరు. తెలుపు నుంచి నలుపు దాకా ఐదేసి శాతం పెంచుతూ 21 గళ్ల పట్టీ ఒకటి ప్రింటు తీస్తారు. రాత్రంతా ఆరనిచ్చి, తెల్లారాక చూస్తారు. తడి మీద చూసి తీర్పు చెబితే మోసపోవడమే.

చివరి మూడు నాలుగు గళ్లు ఒకే నలుపులా కలిసిపోయాయా? ఇంకు ఎక్కువైందన్నమాట. మెరుపులేని మ్యాట్ కాగితం కొంతవరకే పీలుస్తుంది. ఆపైన ఎంత పోసినా నలుపు పెరగదు సరికదా, తాతయ్య నల్లకోటు మడతలన్నీ మసైపోతాయి. ముందు ఇంకు పరిమితి తగ్గించాలి. మధ్యలో ఎక్కడైనా హఠాత్తుగా మెట్టు కనిపిస్తే, లేత ఇంకు ఆగి ముదురు ఇంకు అందుకునేచోట అతుకు కుదరలేదని అర్థం. ఆ రెండూ కలిసి నడిచే మేర పెంచాలి. ఇవి సర్దుకున్నాకే గళ్లన్నీ సమంగా ఎక్కేలా వంపు సరిచేయాలి. రాయ్ హారింగ్టన్ రూపొందించిన 'క్వాడ్‌టోన్ రిప్' సాఫ్ట్‌వేరుతో ఎప్సన్ ప్రింటర్లలో ఈ పనులన్నీ చేయొచ్చు. గళ్లను కొలిచే పరికరం లేకపోతే మామూలు స్కానరుతోనైనా నెట్టుకురావచ్చు. సవరించడం, పట్టీ తీయడం, మళ్లీ సవరించడం.. నాలుగైదు కాగితాలు ఖర్చవుతాయి. కొత్తరకం కాగితం తెస్తే కథ మళ్లీ మొదలు. విసుగు పుట్టించే పనే గానీ, పంచె తెలుపులో ముడతలు, చీర అంచులో జరీ విడివిడిగా తేలేది దీనివల్లే.

కార్బన్ ఇంకు పలచనైతే కాస్త గోధుమవన్నెకు తిరుగుతుంది. దాన్ని లోపమనేవారూ ఉన్నారు. పాత ఫొటోలకు మాత్రం ఆ వన్నె నప్పుతుంది.

ఇవి అడగండి

స్టూడియోకి వెళ్లేవారు ప్రింటరులో బూడిద ఇంకు ఉందా, అది పిగ్మెంటా, డై రకమా అని అడగాలి. సాధారణంగా పిగ్మెంటే ఎక్కువకాలం నిలుస్తుంది. కాపీని స్టూడియో దీపం కిందే కాక, గుమ్మం బయటికి తెచ్చి ఎండలోనూ చూసి డబ్బివ్వాలి. స్కాను ఫైలు కూడా తీసుకోవాలి.

అసలు ఫొటో వెనక తాతయ్య ఊరు, తారీఖు తెలుగులో రాసి ఉంటే ఆ వైపునూ స్కాన్ చేయించాలి. ఒడియాలోనో, కన్నడంలోనో చదువుకుంటున్న మనవలు ఆ రాతను చదవలేకపోవచ్చు. కొత్త ప్రింటు వెనక మెత్తటి పెన్సిల్‌తో ఆ ఊరిపేరు వాళ్లకొచ్చిన లిపిలోనూ రాసిపెడితే సరి.