అడ్రసు మారితే... కేసే పోవచ్చు!

అద్దె ఇల్లు మారితే ఏం చేస్తాం? పాలవాడికి చెబుతాం. గ్యాస్ ఏజెన్సీకి చెబుతాం. బ్యాంకుకు తీరిక దొరికినప్పుడు చెబుతాం. ఆలస్యమైతే మహా అయితే ఓ ఉత్తరం పాత ఇంటికి వెళ్తుంది... అంతేగా! కానీ అమెరికాలో ఆశ్రయం కోరుతున్నవారికి ఆ ఉత్తరమే ప్రాణం. అది చేతికందక వాయిదాకు వెళ్లకపోతే, వాళ్లు లేకుండానే ‘దేశం విడిచి వెళ్లండి’ అన్న ఉత్తర్వు వచ్చేస్తుంది.

ఇద్దరికీ చెప్పాలి

మతం, జాతి, రాజకీయ అభిప్రాయం లాంటి కారణాలతో సొంత దేశంలో వేధింపులు తప్పవని భయపడేవారు అడిగే రక్షణే అసైలం. అలా వచ్చినవాళ్లు మొదట ఏ బంధువు ఇంట్లోనో దిగుతారు. పని దొరికాక మరో ఊరు, మరో గది. మారిన ప్రతిసారీ పది రోజుల్లోగా ఏఆర్-11 అనే ఫారంతో ఇమిగ్రేషన్ ఆఫీసుకు తెలపాలి. ఇది 1952 నాటి చట్టంలోని నిబంధన. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, 2002లో, దీన్ని గట్టిగా అమలుచేస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

కేసు ఇమిగ్రేషన్ కోర్టులో ఉంటే ఆ ఒక్క ఫారం చాలదు. ఐదు పనిదినాల్లోగా ఈఓఐఆర్-33 అనే మరో ఫారం కోర్టుకూ ఇవ్వాలి. దాని ప్రతిని ప్రభుత్వ లాయరుకు పంపాలి. ఎందుకంటే దరఖాస్తులు చూసే ఆఫీసు హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖది, కోర్టు న్యాయశాఖది. ఒకరికి చెబితే రెండోవారికి చెప్పినట్టు కాదు! పోస్టాఫీసులో అడ్రసు మార్పించుకున్నా లెక్కలోకి రాదు.

వాయిదా తప్పితే...

నోటీసే అందలేదని రుజువు చేయగలిగితే ఆ ఉత్తర్వును రద్దు చేయమని ఎప్పుడైనా కోరవచ్చు. తీవ్ర అనారోగ్యం లాంటి కారణాలైతే 180 రోజులే గడువు. అయితే అసలు మెలిక ఇక్కడే ఉంది. అడ్రసు ఇవ్వనివారికి నోటీసు పంపాల్సిన అవసరమే లేదంటుంది చట్టం. అంటే ‘నాకు ఉత్తరం రాలేదు’ అనే వాదన వారికి పనికిరాదు.

2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఈ దారిని మరింత ఇరుకు చేసింది. మొదటి నోటీసులో తేదీ, సమయం లేకపోయినా, తర్వాత పంపిన నోటీసులో ఉంటే చాలని 5-4 మెజారిటీతో తీర్పు చెప్పింది. కోర్టుకెళ్లిన ముగ్గురిలో ఒకరు భారతీయుడే.

మనవాళ్లకూ...

ఏఆర్-11 నిబంధన ఆశ్రయం కోరేవారికే పరిమితం కాదు. హెచ్-1బీ ఉద్యోగులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికీ వర్తిస్తుంది. ఎఫ్-1 విద్యార్థులైతే పది రోజుల్లోగా యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో చెప్పాలి. నిర్లక్ష్యం చేస్తే 200 డాలర్ల వరకు జరిమానా, 30 రోజుల వరకు జైలు లేదా రెండూ అని ఆ చట్టంలోనే ఉంది.

గుర్తుంచుకోండి

* కుటుంబంలో ఎవరి ఫారం వారిదే.

* ఫారం పంపినట్టు రుజువు దాచుకోవాలి.

* కోర్టు వాయిదాను కేసు నంబరుతో ఆన్‌లైన్‌లో, ఫోన్‌లో తరచూ చూసుకోవాలి.

అమెరికా నుంచి పిల్లలు ఫోన్ చేసి ‘ఇల్లు మారాం’ అంటే, పాలు పొంగించారా అని అడగండి. ఫారం పంపారా అనీ అడగండి!