పంచాయతీ తరఫున మాట్లాడేదెవరు?

చట్టం కంట్లో గ్రామపంచాయతీ కూడా ఒక మనిషే. 1994 పంచాయతీరాజ్ చట్టమూ, తెలంగాణ 2018 చట్టమూ చెప్పేదిదే. అది దావా వెయ్యొచ్చు, దాని మీదా వెయ్యొచ్చు. కానీ కోర్టులో దానికి నోరు లేదు. ఆ నోరే స్టాండింగ్ కౌన్సిల్. బడి స్థలం తగాదా అయినా, టీచర్ల సీనియారిటీ అయినా జిల్లాపరిషత్ తరఫున హైకోర్టులో జవాబిచ్చేది ఆ వకీలే.

పని నడిచే తీరు చూద్దాం. రిట్ పడగానే ఆఫీసు పేరాలవారీగా వివరణ రాసి పంపాలి. దాన్నిబట్టే కౌంటరు తయారవుతుంది. ఫైలు కదలకపోతే కౌంటరుండదు, స్టే అట్లాగే సాగుతుంది. ఈలోగా ఆ జాగాలో గోడలు లేస్తాయి.

ఘట్‌కేసర్ మున్సిపాలిటీ కాకముందు గ్రామపంచాయతీయే. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక అక్కడ గజం భూమి కూడా బంగారమైంది. ఇట్లాంటి చోట బడి జాగా, శ్మశానం జాగా పోతే మొదట దెబ్బతినేది వాడలే.

1993లో అమల్లోకొచ్చిన 73వ సవరణ సర్పంచి పదవుల్లో ఎస్సీ, ఎస్టీలకు వాటా ఇచ్చింది. 2010లో కృష్ణమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ రిజర్వేషన్లను నిలబెట్టింది. అయితే ఆ సవరణ కుర్చీ దగ్గరే ఆగింది, వకాల్తా దాకా రాలేదు. సర్కారీ వకీళ్ల ఎంపిక పాలకుల ఇష్టారాజ్యం కాదని, సమర్థత చూసి పారదర్శకంగా జరగాలని 2016లో చాహల్ కేసులో అదే కోర్టు చెప్పింది. బాగానే ఉంది. కానీ కేసులు చేతికిస్తేనే గదా సమర్థత రుజువయ్యేది! మొదటి తరం దళిత లాయరుకు ఆ మొదటి ఫైలు ఇచ్చేదెవరు?

అందుకే దళిత సర్పంచి అడగాల్సినవి రెండు: మా కేసు ఎవరి చేతిలో ఉంది? కౌంటరు పడిందా?