సిమెంటు ఊడితే తప్పెవరిది?

"సంక్రాంతికి పెట్టించిన సిమెంటు ఉగాదికల్లా ఊడొచ్చింది వదినా!"

చిక్కడపల్లి మార్కెట్లో కూరలు ఏరుకుంటూ ఇలాంటి మాటలు వింటూనే ఉంటాం. వెంటనే తప్పంతా డాక్టరు మీద వేసేస్తాం. అసలు పన్నుకీ సిమెంటుకీ పొత్తెలా కుదురుతుందో తెలుసా?

వెనకటి వెండి సిమెంటు పన్నుకు అంటుకునేది కాదు. లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా గుంత తొలిచి కూరితే ఇరుక్కుని నిలిచేది. అందుకోసం బాగున్న పన్ను కూడా కొంత పోయేది. 1955లో అమెరికా దంతవైద్యుడు మైఖేల్ బ్యూనోకోర్ ఎనామిల్ మీద ఫాస్ఫారిక్ యాసిడ్ రాసి చూశారు. నున్నటి పైపొర గరుకు తేలింది. నున్నటి గోడకు మేస్త్రీ గాట్లు పెట్టాకే ప్లాస్టరింగు చేస్తాడు కదా, అలాగన్నమాట! పంటి రంగు సిమెంటుకు వాడే జిగురు ఆ గరుకులోకి దిగి గట్టిపడుతుంది.

ఎనామిల్‌లో 96 శాతం ఖనిజాలే కాబట్టి పట్టు బాగా దొరుకుతుంది. దాని కింది డెంటిన్‌లో తడి, ప్రొటీన్లు ఎక్కువ. అక్కడ పట్టు దొరకడం కష్టం. చిగురు దగ్గర పెట్టిన సిమెంటు తొందరగా ఊడటానికి ఇదొక కారణం.

ఇక మన ప్రాంతపు సమస్య ఒకటుంది. కోచింగుకని నల్గొండ వైపు నుంచి అశోక్ నగర్ హాస్టళ్లకు వచ్చే అమ్మాయిల్లో కొందరికి పళ్ల మీద గోధుమరంగు మచ్చలుంటాయి. నోరారా నవ్వాలన్నా మొహమాటమే. చిన్నప్పుడు తాగిన నీళ్లలోని ఫ్లోరైడు చేసిన పని అది. అలాంటి ఎనామిల్ యాసిడ్‌కు ఓ పట్టాన లొంగదు. పైపొరను కాస్త గీకడమో, యాసిడ్‌ను ఇంకాసేపు ఉంచడమో చేయాల్సి వస్తుంది. అందుకే ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారో డాక్టరుకు చెప్పండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇవి గుర్తుంచుకోండి:

* నొప్పికి లవంగనూనె రాసుకుని ఉంటే ముందే చెప్పండి. అందులోని యూజినాల్ పంటి రంగు సిమెంటును సరిగా గట్టిపడనివ్వదు.

* పళ్లు తెల్లబరిపించుకున్న వెంటనే సిమెంటు వద్దు. ఒకటి రెండు వారాలు ఆగితే పట్టు బాగుంటుంది.

* జిగురు రాశాక ఉమ్మి తగిలితే పట్టు పోతుంది. డాక్టరు దూది పెడితే విసుక్కోకండి. మాట్లాడాలనిపించినా కాసేపు ఓపిక పట్టండి.

* నోరు ఎక్కువసేపు తెరవలేని పిల్లలకు గ్లాస్ అయొనోమర్ సిమెంటు మేలు. పట్టు కాస్త తక్కువైనా కొంచెం తడిని ఓర్చుకుంటుంది, పంటిలోని కాల్షియంతో నేరుగా కలుస్తుంది.

చూశారా! సిమెంటు నిలవడంలో డాక్టరు చేతివాటమే కాదు, మనం దాచకుండా చెప్పే రెండు మాటలూ పనికొస్తాయి.